ఒకటి లేదా రెండు చోట్ల

మంగళవారం రాత్రి నూజివీడు నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, కాయంతా నేల మీదే ఉంది" అన్నాడు. అరగంట ఈదురుగాలి. బంగినపల్లి కోతకి ఇంకా పది రోజులుంది. పొద్దున్న వాతావరణం విన్నావా అని అడిగాను. విన్నాడట. "ఒకటి లేదా రెండు చోట్ల అన్నారు. అది మన ఊరేనని ఎట్లా తెలుస్తుంది?"

ఆ మాట మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. ఏటా భరణి కార్తె వచ్చేసరికి ఒకసారైనా రాస్తాను. ఉరుములు మెరుపులతో కూడిన జల్లులు ఒకటి లేదా రెండు చోట్ల కురిసే అవకాశం ఉందంటారు. ఎక్కడ? ఏ ఊళ్లో? కల్లంలో వడ్లు ఆరబోసుకున్న రైతు ఆ వాక్యం విని పరదా కప్పాలా, ఎండ కాస్తోందని వదిలెయ్యాలా? ఊరి పేరు చెప్పని హెచ్చరిక హెచ్చరికే కాదని ఎన్నిసార్లు రాశానో. ఈ వారమూ అదే రాద్దామని కూర్చుని, ఎందుకో అటక మీంచి నాన్న నోటు పుస్తకం దింపాను.

నాన్నకి ఎనిమిదెకరాల మామిడి తోట. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఆయన రోజు రేడియోతో మొదలయ్యేది. అరుగు మీద కూర్చుని ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు చివరిదాకా వినేవాడు. వార్తల కోసం కాదు, చివర్లో వచ్చే వాతావరణం కోసం. రేడియో చెప్పింది ఎడమ పేజీలో, ఆకాశం చేసింది రాత్రికి కుడి పేజీలో రాసేవాడు. 'చినుకు లేదు.' 'గాలి మాత్రమే.' 'రాలుడు మూడు గంపలు.' అంతకు మించి ఒక్క మాట ఉండదు. కోపం గానీ బాధ గానీ ఎక్కడా కనిపించదు.

మెరుపు మెరిస్తే ఆయన అంకెలు లెక్కపెట్టేవాడు. ఉరుము వినబడేలోగా లెక్క ముప్పైకి లోపు వచ్చిందంటే చెట్ల మీద ఎవరూ ఉండకూడదు, చెట్ల కింద అసలే ఉండకూడదు. కూలీలందర్నీ పెంకుటింట్లోకి పిలిచేవాడు. చినుకైనా లేదు, పని పాడవుతోందని వాళ్లు గొణిగేవాళ్లు. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ముప్పై లెక్కంటే పిడుగు పది కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. వాన పడని చోట కూడా అంత దూరం నుంచి వచ్చి పడగలదు పిడుగు. ఇవాళ శాస్త్రవేత్తలు చెప్పే లెక్కా ఆ ముప్పయ్యే. నాన్నకి అది ఎవరు చెప్పారో అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

1990 మే పేజీలు తీశాను. అక్కడ 'ఒకటి లేదా రెండు చోట్ల' లేదు. తుఫాను ఎటు వస్తోందో, తీరం ఎక్కడ దాటవచ్చో రోజురోజుకీ రాసి ఉంది. మే 9న అది కృష్ణా నది ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. 1977 దివిసీమ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయిన ఆ తీరంలోనే ఈసారి మృతులు వెయ్యి లోపు. అదీ చిన్న సంఖ్య కాదు, కానీ ఆ తేడా ముందస్తు హెచ్చరికది.

తుఫానుకి చోటు చెప్పగలిగినవాళ్లు గాలివానకి ఎందుకు చెప్పలేరు? తుఫాను వందల కిలోమీటర్ల మేర విస్తరించి, సముద్రం మీద రోజుల తరబడి ప్రయాణం చేసి వస్తుంది. వేసవి గాలివాన అలా కాదు. పొద్దంతా నేల కాగాలి, బంగాళాఖాతం మీంచి తేమ రావాలి, పైన ద్రోణి కుదరాలి. ఈ మూడూ కలిస్తే మధ్యాహ్నానికి లేచిన మబ్బు సాయంత్రానికి పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకి పెరిగి, గంటసేపు విరుచుకుపడి విడిపోతుంది. పొద్దున్న ఆరింటికి ఆ మబ్బు ఇంకా పుట్టనే లేదు. పుట్టనిదానికి ఊరెలా చెబుతారు?

వాతావరణ శాఖ భాషలో 'ఒకటి లేదా రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకి మించకుండా వాన పడటం. సగం దాకా పడితే 'కొన్ని చోట్ల'. ఇది గుర్తొచ్చి, 1992 వేసవిలో నాన్న ఎడమ పేజీలన్నీ లెక్కపెట్టాను. 'ఒకటి లేదా రెండు చోట్ల' అని రాసిన రోజులు 22. కుడి పేజీలో మా తోట తడిసిన రోజులు నాలుగు. నేను డొంకతిరుగుడు అనుకున్న మాట కొలిచి చెప్పిన మాట. ఇన్నేళ్లూ దాన్ని తప్పుపట్టింది పొరపాటు. ఆ రాతలు వెనక్కి తీసుకుంటున్నాను.

ఊరి పేరు కావాలన్న కోరిక మాత్రం వదలను. ఎందుకంటే మబ్బు పుట్టాక దాన్ని మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్ చూస్తుంది. రాబోయే మూడు గంటలకు హెచ్చరిక వెలువడుతుంది. విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకి సందేశాలు పంపుతుంది. పిడుగుల కోసం 'దామిని' యాప్ ఉంది. మంగళవారం మావాడికీ సందేశం వచ్చింది, నాలుగూ పదికి. ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో ఉంది. గాలి అయిదింటికి లేచింది. కాయని ఎవరూ ఆపలేకపోయేవారు. కానీ అప్పుడు చెట్ల మీద ఆరుగురు కూలీలున్నారు, పక్క కల్లంలో వడ్లు ఆరుతున్నాయి. మనుషులకి ఏమీ కాలేదు. వడ్లు తడిశాయి.

పరదా కప్పడానికి ఆ యాభై నిమిషాలు చాలు. కోతలు, నూర్పిళ్లు ఇంకా అయిపోలేదు. సర్పంచులకి, పంచాయతీ కార్యదర్శులకి నా విన్నపం ఇది. ఇంటిపన్ను గడువు చాటే మైకులోనే ఈ మూడు గంటల హెచ్చరిక కూడా చదివించండి. పొలంలో ఉన్న మనిషికి వినబడేది అదొక్కటే.