బిల్లు వచ్చాక: డాలస్ బల్ల, హైదరాబాద్ బల్ల

రెస్టారెంట్‌లో నలుగురు స్నేహితులు తిని లేచేలోపు రెండు లెక్కలు తేలాలి. వడ్డించిన మనిషికి ఎంత ఇవ్వాలన్నది ఒకటి. తిన్నవాళ్లలో ఎవరి వాటా ఎంతన్నది ఇంకొకటి. మొదటిది పరాయి మనిషి కష్టానికి సంబంధించింది, రెండోది మన మధ్య మర్యాదకు సంబంధించింది. బిల్లు ఒకటే కాబట్టి రెండూ కలగాపులగం అయిపోతాయి. తెలుగువాళ్లు తరచుగా కూర్చునే రెండు బల్లల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి డాలస్ శివారు ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో ఉంది, రెండోది హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉంది. ఒక్కో ఊరు ఒక్కో లెక్కను తిన్నగా చేసి, రెండోదాన్ని చెడగొట్టుకుంది.

వడ్డించిన చేతికి

డాలస్‌లో నలుగురు 120 డాలర్ల తిండి తిన్నారనుకుందాం. అక్కడి అమ్మకపు పన్ను 8.25 శాతం, అంటే 9.90 డాలర్లు. టిప్పు 20 శాతం వేస్తే 24. మొత్తం 153.90. నోటి లెక్కకు కష్టమేమీ లేదు: 120లో పదో వంతు 12, దాన్ని రెట్టింపు చేస్తే 24. చూసుకోవాల్సింది వేరే ఉంది. కొన్ని చోట్ల యంత్రం పన్ను కలిసిన 129.90 మీద 20 శాతం కట్టి 25.98 చూపిస్తుంది. అంటే సర్కారుకు కట్టే పన్ను మీద కూడా మనం టిప్పు ఇస్తున్నామన్నమాట. ఆరుగురో అంతకంటే ఎక్కువమందో వెళ్తే చాలా చోట్ల గ్రాట్యుటీ పేరుతో 18 శాతం ముందే బిల్లులో కలిపేస్తారు. చూసుకోకుండా పైన మళ్లీ వేసేవాళ్లూ ఉంటారు.

కొత్తగా ఎమ్మెస్‌కు వెళ్లిన కుర్రాడు ఆ 24 డాలర్లను రూపాయల్లోకి మార్చుకుని లబోదిబోమంటాడు. కానీ ఆ డబ్బు బక్షీస్ కాదు, సర్వర్ జీతంలో పెద్ద ముక్క. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. టిప్పులు వచ్చే ఉద్యోగికి మాత్రం యజమాని 2.13 డాలర్లు ఇస్తే చాలు. మిగిలిన 5.12 డాలర్లు టిప్పుల రూపంలో రావాలి, అంత రాకపోతేనే యజమాని భర్తీ చేయాలి. ఈ వెసులుబాటు 1966 సవరణతో వచ్చింది. 2.13 అన్న అంకె 1991 నుంచి కదల్లేదు. టెక్సస్ దాన్నే పాటిస్తుంది. కాలిఫోర్నియా ఒప్పుకోదు, టిప్పు ఎంత వచ్చినా అక్కడ పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. తమాషా ఏమిటంటే, చట్టం ఇంత వేరుగా ఉన్నా కాలిఫోర్నియాలోనూ అడిగే శాతం తగ్గదు. కౌంటర్ దగ్గర మనమే నిలబడి కాఫీ తెచ్చుకున్నా సరే, టాబ్లెట్ మనవైపు తిరిగి 18, 20, 25 అని అడుగుతుంది. జీతానికి బదులుగా మొదలైన ఏర్పాటు ఇప్పుడు జీతంతో పనిలేకుండా నడుస్తోంది.

టిప్పులతో ఉన్న ఈ చిక్కు అమెరికన్లకు తెలియని సంగతి కాదు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పులను నిషేధిస్తూ చట్టం చేసింది, మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 1926కల్లా అవన్నీ రద్దయ్యాయి. న్యూయార్క్‌లో పేరున్న రెస్టారెంట్ల యజమాని డానీ మేయర్ 2015లో తన హోటళ్లలో టిప్పులు ఎత్తేసి, ఆ ఖర్చును మెనూ ధరల్లోనే కలపడం మొదలుపెట్టారు. 2020లో ఆయనా వెనక్కి తగ్గారు. పక్క హోటల్ మెనూలో ధర తక్కువగా కనిపిస్తూ ఉంటే నిజాయితీగా అసలు ధర వేసినవాడే ఖరీదైనవాడిలా కనిపిస్తాడు. ఒక్క యజమాని మంచితనంతో మారేది కాదిది, చట్టమే మారాలి.

ఇప్పుడు గచ్చిబౌలి బల్ల దగ్గరికి వద్దాం. నలుగురి తిండి 2,400 రూపాయలు. ఐదు శాతం జీఎస్టీ 120, మొత్తం 2,520. కొన్ని హోటళ్లు 10 శాతం సర్వీస్ చార్జీ వేస్తాయి. అప్పుడు 240 కలిసి 2,640 అవుతుంది, జీఎస్టీ దాని మీద పడి 132 అవుతుంది, మొత్తం 2,772 కట్టాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న ఇది కుదరదంది. సర్వీస్ చార్జీని బిల్లులో తమంతట తాము కలపకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు, ఇవ్వడం వినియోగదారుడి ఇష్టం అని మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న అదే కోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు ఇచ్చింది.

మన కనీస వేతన చట్టాల్లో టిప్పులను చూపించి జీతం తగ్గించే వీలు లేదు. అంటే సూత్రంగా మన పద్ధతే మేలు. జీతం యజమాని బాధ్యత, టిప్పు తిన్నవాడి ఇష్టం. హైదరాబాద్ సర్వర్ సుఖంగా ఉన్నాడని దీని అర్థం కాదు. ఊరు వదిలి వచ్చి, పగలూ రాత్రీ షిఫ్టులు చేసి, చేతికొచ్చే జీతంలో ఇంటికి పంపగా మిగిలేది ఎంతో అతణ్ణి అడిగితే తెలుస్తుంది. పైగా పాత అలవాటు కూడా పోతోంది. సోంపుతో పాటు వచ్చిన చిల్లర బిల్లు పెట్టిన తోలు అట్టలోనే వదిలేసి లేచేవాళ్లం. అదే టిప్పు. యూపీఐ వచ్చాక 2,520కి 2,520 కొట్టి లేస్తున్నాం. చిల్లర లేదు కాబట్టి వదిలేదీ లేదు. పైపెచ్చు మన దగ్గర శాతం లెక్క ఎప్పుడూ లేదు. 300 బిల్లుకు ఇరవై ఇచ్చినవాడే 5,000 బిల్లుకు యాభై ఇచ్చి, బాగానే ఇచ్చానని తృప్తి పడతాడు.

మనలో మనకు

రెండో లెక్కలో డాలస్‌దే పైచేయి. అక్కడ సర్వర్ "ఒక్క బిల్లా, వేర్వేరు బిల్లులా?" అని మామూలుగా అడుగుతాడు. వేర్వేరు అన్నందుకు ఎవరూ నొచ్చుకోరు. కలిసి ఉండే విద్యార్థులు ఇంటి అద్దె నుంచి బియ్యం బస్తా దాకా స్ప్లిట్‌వైజ్ యాప్‌లో రాసుకుంటారు, హోటల్ బిల్లూ అందులోకే వెళ్తుంది.

ఒకే బిల్లు వచ్చినా న్యాయంగా విడగొట్టడం తేలిక. మొత్తం 153.90ని తిండి ఖరీదు 120తో భాగిస్తే 1.2825 వస్తుంది. ఎవరి తిండి ఖరీదును వాళ్లు దాంతో హెచ్చిస్తే పన్ను, టిప్పు ఎవరి వాటాలో వాళ్లకు కలిసిపోతాయి. 20 డాలర్లవి తిన్నవాడికి 25.65, 24 డాలర్లవాడికి 30.78, 28 డాలర్లవాడికి 35.91, రెండు డ్రింకులతో 48 అయినవాడికి 61.56. అన్నీ కలిపితే సరిగ్గా 153.90. సమానంగా పంచితే తలా 38.48 దాకా పడుతుంది. అంటే తక్కువ తిన్నవాడు పక్కవాడి గ్లాసు కోసం, ఆ గ్లాసు మీద పన్ను కోసం, టిప్పు కోసం దాదాపు 13 డాలర్లు అదనంగా కట్టాలి.

హైదరాబాద్‌లో రెండు దారులే ఉన్నాయి: ఒకరు ట్రీట్ ఇవ్వడం, లేదా సమానంగా పంచుకోవడం. ట్రీట్ మంచి సంప్రదాయమే. కొత్త ఉద్యోగం, బండి, వీసా, ఏది వచ్చినా "పార్టీ ఎప్పుడు?" అని అడగడంలో ఆత్మీయత ఉంది. అమెరికన్ స్నేహితుల్లో పుట్టినరోజు మనిషి బిల్లును మిగతావాళ్లు పంచుకుంటారు, మన దగ్గర పుట్టినరోజు మనిషే అందరికీ కట్టాలి. అందరి జీతాలూ ఇంచుమించు ఒకటై, తరచూ కలుస్తుంటే వంతులు వాటంతటవే సరిపోతాయి. అయితే ఒకరు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ, ఇంకొకరు అశోక్‌నగర్ హాస్టల్‌లో గ్రూప్-1కు చదువుతున్నారనుకోండి. రెండోవాడు తన వంతు వచ్చే రోజును తలుచుకుని పిలిచినా రావడం మానేస్తాడు. మనం "వాడు మారిపోయాడురా" అనుకుంటాం.

సమానంగా పంచుకోవడంలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. శనివారం నీసు ముట్టనివాడు పనీర్ కూరతో సరిపెట్టుకుని అపోలో ఫిష్‌కు వాటా కడతాడు. మందు తాగనివాడి సంగతి చెప్పనక్కర్లేదు. ఇజ్రాయెల్‌లో ఆర్థికవేత్త ఉరి నీజీ మరో ఇద్దరితో కలిసి నిజమైన రెస్టారెంట్‌లో చేసిన ప్రయోగం 2004లో అచ్చయింది. ఎవరిది వాళ్లు కట్టాలన్న గుంపుల కంటే సమానంగా పంచుకోవాలన్న గుంపులు ఎక్కువ ఖరీదు చేసే తిండి తెప్పించుకున్నాయి. ముందే అడిగితే మాత్రం ఎక్కువమంది ఎవరిది వాళ్లు కట్టడమే ఇష్టమన్నారు. నచ్చని పద్ధతికి తలూపి, పైగా దాని వల్ల ఎక్కువ ఖర్చు పెట్టడం మనకూ బాగా తెలిసిన కథే. మన దగ్గర దాని పేరు మొహమాటం. సాధనాలు లేకపోవడం కారణం కాదు. బిల్లు పంచే సదుపాయం గూగుల్ పే మన దేశంలో 2021లోనే తెచ్చింది. "నాది ఇంతే అయింది" అనడానికి నోరు రాదు, అంతే.

డాలస్ బల్లకూ ఒక మాట చెప్పాలి. మూడు డాలర్ల టీకి కూడా యాప్‌లో పద్దు రాసి, వారం తిరక్కుండా గుర్తుచేసే స్నేహితుడు లెక్కలో నెగ్గి స్నేహంలో ఓడతాడు. తేడా చిన్నదైతే వదిలేయడమే మర్యాద.

కాబట్టి నా తీర్పు ఇది. టిప్పు విషయంలో హైదరాబాద్ సూత్రం సరైనది, వాటాల విషయంలో డాలస్ పద్ధతి సరైనది. డాలస్‌లో ఉన్నవాళ్లు ఆ వ్యవస్థ మీద కోపంతో సర్వర్‌కు కోత పెట్టకండి. 2.13 డాలర్ల చట్టం చేసింది అతను కాదు. పన్నుకు ముందు మొత్తం మీద 18 నుంచి 20 శాతం ఇచ్చి, కోపాన్ని ఓటు హక్కు ఉన్నవాళ్లు ఓటులో చూపించండి. హైదరాబాద్‌లో బిల్లులో సర్వీస్ చార్జీ కనిపిస్తే తీసేయమని మర్యాదగా అడగండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తీసేయించుకున్న డబ్బు జేబులో వేసుకోకుండా, అందులో కొంతైనా నగదుగా వడ్డించిన మనిషి చేతిలోనే పెట్టండి. ఇక స్నేహితుల దగ్గర ఆర్డర్ ఇవ్వకముందే "ఎవరిది వాళ్లమే కడదాం" అన్న మాట ఎవరో ఒకరు అనాలి. అది అనాల్సింది బల్ల చుట్టూ అందరికంటే ఎక్కువ సంపాదించేవాడు. తక్కువ సంపాదించేవాడి నోట ఆ మాట రాదు, రావాలని ఆశించడమూ న్యాయం కాదు.