బొమ్మలు కాపురముండే ఊరు

శిల్పారామంలోని గ్రామీణ మ్యూజియంని చూడ్డం కన్నా చదవడం మేలు. మట్టి గోడలు, గడ్డి కప్పులు, లోపల నిలువెత్తు బొమ్మలు. కుమ్మరి సారె తిప్పుతుంటాడు, నేతగాడు మగ్గం ముందు కూర్చుని ఉంటాడు. శిల్పారామం 1992లో మొదలైంది. 1998లో కూతవేటు దూరంలోనే సైబర్ టవర్స్ లేచింది. మాదాపూర్, కొండాపూర్ అప్పటిదాకా ఊళ్ళే కదా!

పనితనానికి వంక పెట్టను. నా పేచీ ఇళ్ళ మధ్య దూరంతో. మన పల్లెల్లో ఇల్లెక్కడో చెప్తే మనిషెవరో తెలిసిపోతుంది. సాలెల వీధి, కుమ్మరి వీధి, ఊరికి ఎడంగా మాల మాదిగ వాడలు, ఏ బావిలో ఎవరు చేద వెయ్యొచ్చో చెప్పే కట్టుబాట్లు. ఇక్కడ నాలుగడుగులేస్తే ఒక వృత్తి నించి ఇంకో వృత్తిలోకి వెళ్ళిపోతాం. అంత సఖ్యంగా ఉన్న ఊరు నేనెక్కడా చూళ్ళేదు.

ముచ్చటకి ఊరు కట్టడం మనకే కొత్త కాదు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర బ్లేజ్ హామ్లెట్ అని తొమ్మిది కాటేజీల పల్లె ఉంది. హార్ఫర్డ్ అనే బ్యాంకరు తన దగ్గర పనిచేసి ముసలివాళ్ళైనవాళ్ళ కోసం 1811 ప్రాంతంలో కట్టించాడు. డిజైన్ చేసింది జాన్ నాష్. మధ్యలో పచ్చిక, చుట్టూ ఒక్కోటీ ఒక్కో తీరు ఇల్లు, పొడుగాటి పొగగొట్టాలు. అదీ దొరగారి సరదానే, అసలు పల్లెల పేదరికం అందులో కనపడదు. కాకపోతే 1943 నించి నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉన్న ఆ ఇళ్ళల్లో ఇప్పటికీ మనుషులు అద్దెకుంటున్నారు.

మన దగ్గర ఇళ్ళు బొమ్మలకిచ్చాం. చేతిపనివాళ్ళు అదే ఆవరణలో స్టాళ్ళలో ఉంటారు, పక్కన క్యూఆర్ కోడ్ పెట్టుకుని, మన బేరాలు ఓపిగ్గా భరిస్తూ. వాళ్ళలో ఒకర్ని తెచ్చి ఆ మగ్గం ముందు కూర్చోబెట్టమని అనను, అప్పుడు ఆయన్నీ బొమ్మని చేసినట్టే. గుమ్మం దగ్గర ఒక బోర్డు పెడితే చాలు. చీరకి ఎన్ని రోజులు పట్టింది, కూలి ఎంత గిట్టింది, నూలు ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు, కొడుకేం చేస్తున్నాడు. ఆ కొడుకు రోడ్డవతల క్యాబ్‌లో ఉండొచ్చు, ఏదో టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ డ్రెస్సులో ఉండొచ్చు, మా ఫ్లోర్‌లో నా పక్క సీట్లోనే టికెట్లు క్లోజ్ చేస్తూ ఉండొచ్చు.