ఎన్ని చెట్లు, ఎన్ని సీసాలు

మా అక్క కొడుకు మిలాన్‌లో చదువుకుంటున్నాడు. సంక్రాంతికి ఇంటికొస్తూ ఏం తెమ్మంటావని పోయిన వారం ఫోన్ చేశాడు. మాట్లాడుతూనే ఒక ఫొటో పంపాడు. సీసాలో నారింజరంగు వైన్, అడుగున వేలెడు మడ్డి.

"నాచురల్ వైన్ మామా. ఫ్రియులీ దిక్కుది. ఏం కలపరంట. జర పులుపుంటది, వాసన గూడ ఉంటదని షాపాయన ముందే చెప్పిండు. నలభై ఐదు యూరోలు. తెమ్మంటవా?"

నలభై ఐదు యూరోలంటే నాలుగు వేలు దాటుతుంది. మడ్డి, పులుపు, వాసన. నల్లగొండ పల్లెలో పుట్టినవాణ్ణి ఈ మూడింటికీ నాలుగు వేలు పెట్టమంటే ఏమనాలి? రేపు చెప్తానని ఫోన్ పెట్టేశాను.

వైన్ సంగతి నాకు పెద్దగా తెలియదు. కల్లు కొనడం మాత్రం తెలుసు. మా నాయన దగ్గర చూసి నేర్చుకున్నాను.

నాయన తాళ్ళల్లకు పోతే ధర అడిగేవాడు కాదు, ముందు తల పైకెత్తేవాడు. కల్లు గీసే గౌడ తాత ఏ చెట్టు మీద ఉన్నాడు, ఏ లొట్టి దించుతున్నాడు అని చూసేవాడు. నడుముకు మోకు, కాళ్ళకు గుజి, వెనకాల కత్తులు. తాత గెల దగ్గర కూర్చుని కొసను కోసే తీరు కింది నుంచి సరిగ్గా కనబడదు గానీ, కోసిన పొర గాలికి గిరగిరా తిరుగుతూ వచ్చి మా ముందు పడేది. చేతిలోకి తీసుకుంటే అవతల వేలు కనిపించేంత పల్చన. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. కోయకుండా వదిలేస్తే కొస ఎండి పారడం ఆగిపోతుంది. అందుకే పొద్దునా మాపూ ఎక్కాలి. తాత దిగొచ్చి లొట్టి వంచితే తేనెటీగలు, చీమలు తేలుతుండేవి. వాటిని చూసి నేను మొహం తిప్పుకుంటే నాయన నవ్వేవాడు. "అవి తాగినంక మనం తాగొచ్చురా" అని తాటాకు రేక పట్టేవాడు.

కల్లులో ఎవరూ ఈస్టు వేయరు. లొట్టి గోడల్లో నిన్నటి కల్లు మిగిల్చిన ఈస్టే ఉంటుంది. గెల నుంచి చుక్క రాలిన కాసేపటికే అది పని మొదలుపెడుతుంది. తెల్లవారుజామున తియ్యగా ఉన్నది రెండు జాములకు నాలుకను గిల్లుతుంది, తెల్లారితే సిర్కా అయిపోతుంది. పులియకుండా నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద సర్కారు నీరా కేఫ్ తెరిచినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ సున్నమే.

ఇట్లాంటి సరుకు రోజూ ఒక్క తీరుగా ఉండదు. పోతుతాడుకు ఒక రుచి, పండుతాడుకు ఇంకో రుచి. ఈత కల్లు సంగతే వేరు. మబ్బు పట్టిన రోజు ఒక రకం, ఎండ కాసిన రోజు ఇంకో రకం. "ఇయ్యాల ఈ చెట్టు మంచిగ లేదు, గట్టు మీది చెట్టుది పోస్త" అని తాత తనంత తనే చెప్పేవాడు. తన సరుకు ఇవాళ బాగాలేదని చెప్పేవాడి దగ్గరే కొనాలని నాయన అనేవాడు. ఏడాది పొడుగునా ఒకటే రుచి, ఒకటే కిక్కు ఇచ్చే కల్లును చూసి భయపడాలని నాకు తెలిసింది మాత్రం చాలా తర్వాత.

పాలమూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో చూశాను. కల్లు కాంపౌండుకు ఆటోల నిండా క్రేట్లు వచ్చేవి. వానాకాలం, ఎండాకాలం తేడా లేదు. చుట్టుపక్కల తిరిగినవాణ్ణే, అన్ని చెట్లు ఎక్కడున్నాయో నాకు కనబడలేదు. ఎంత మంచి చెట్టయినా రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. సీసాలు మాత్రం వేలల్లో ఉండేవి. చెట్లు పోయనిది ఎవరో పోస్తున్నట్టే. నీళ్ళు, చక్రీన్, దాని మీద మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం. ఆ కల్లు కూడా తెల్లగానే ఉంటుంది, నురగ కూడా వస్తుంది.

మా దగ్గరి చుట్టం ఒకాయనకు ఆ సీసా లేనిదే నిద్ర పట్టేది కాదు. 2015లో కల్తీ మీద సర్కారు దాడులు చేసినప్పుడు సరఫరా ఆగింది. నిజామాబాద్, పాలమూరు ఆస్పత్రులకు చేతులు వణుకుతూ, ఫిట్స్ వచ్చి, తమలో తామే మాట్లాడుకుంటూ మనుషులు వరస కట్టారు. వాళ్ళలో మా చుట్టమూ ఉన్నాడు. మూడు రాత్రులు మంచానికి కట్టేశాం. చెట్టు కల్లు మానేసినవాడు అట్లా కావడం నేనెక్కడా చూడలేదు. 2025 జూలైలో కూకట్‌పల్లి కల్తీ కల్లు చావుల వార్త చదివినప్పుడు మళ్ళీ ఆ మంచమే కళ్ళముందుకొచ్చింది.

ఇక ఇటలీ. రాత్రి కూర్చుని చదివాను. ఫ్రియులీలో, స్లొవేనియా సరిహద్దున ఉన్న ఒస్లావియాలో ఇట్లాంటి వైన్ చేసే యోష్కో గ్రావ్నర్ అని ఒకాయన ఉన్నాడు. స్టీలు ట్యాంకులు, కొత్త ఓక్ పీపాలు పెట్టి పేరు తెచ్చుకున్నవాడే. 1987లో కాలిఫోర్నియా పోయి అక్కడి వైన్లు వరసగా రుచి చూశాక మనసు విరిగిందట. 2000లో జార్జియా దేశానికి వెళ్ళాడు. అక్కడ పెద్ద మట్టి కాగులకు లోపల తేనెమైనం పూసి, మెడ దాకా భూమిలో పాతి, ద్రాక్షను తొక్కతో సహా అందులోనే పులియబెడతారు. వాటిని క్వెవ్రి అంటారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మన పాతర లాంటిదే, కాకపోతే జొన్నలకు బదులు ద్రాక్ష. 2001 పంట నుంచి గ్రావ్నర్ అట్లాగే చేస్తున్నాడు. ఆయన రిబొల్లా వైన్ అమ్మకానికి రావడానికి ఏడేళ్ళు పడుతుంది. రిబొల్లా తెల్ల ద్రాక్షే, తొక్కతో నెలల తరబడి నానడం వల్ల ఆ నారింజరంగు.

మామూలు వైన్‌లో ప్యాకెట్ ఈస్టు, ఎంజైములు, గంధకం, ఇంకా చట్టం ఒప్పుకున్నవి చాలానే పడొచ్చు. పదార్థాల జాబితా ఇవ్వాలన్న నియమం యూరప్‌లో 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్లకు వచ్చింది, అంతకు ముందువాటికి లేదు. ఇటలీలో నాచురల్ వైన్ అన్న మాటకు చట్టంలో నిర్వచనమే లేదు. అంటే లేబుల్‌ను నమ్మి కొనలేం. మళ్ళీ మనిషినే నమ్మాలి.

నమ్మడానికి నాకింకో అడ్డంకి వచ్చింది. ఈ వైన్లలో కొన్నిటికి తాగిన కాసేపటికి నోట్లో ఎలుక వాసన వస్తుందట. అదొక దోషమని పెద్ద వైన్‌గాళ్ళే ఒప్పుకుంటారు. కొందరు దుకాణదారులు దాన్నే ప్రత్యేకత అని అమ్ముతారు. చెడిపోయిన కల్లును మా తాత చెట్టు మొదట్లో పారబోసేవాడు గానీ, దానికి ముద్దు పేరు పెట్టి నాలుగింతలకు అమ్మేవాడు కాదు. ఏమీ కలపకపోవడం వేరు, చేత రాకపోవడం వేరు. పల్చగా కోయడం రానివాడి చేతిలో మంచి చెట్టు కూడా ఎండిపోతుంది.

పొద్దున్నే మేనల్లుడికి ఫోన్ చేశాను. "షాపాయనను మూడు అడుగు. చేసినాయనకు తోట ఎంత? ఏడాదికి సీసాలెన్ని? ఏ ఏడన్న బాగ రాక అమ్మకుండ ఆపిండా?"

"గివ్వేం ప్రశ్నలు మామా? టేస్ట్ గురించి అడుగుతవనుకున్న."

"టేస్ట్ నేను చూస్త గదా."

సాయంత్రానికి మెసేజ్ వచ్చింది. తోట పన్నెండెకరాలు. సీసాలు పద్దెనిమిది వేలు. ఒక ఏడు వడగళ్ళు పడి ఆ పంటకు సీసాలే కట్టలేదట. ఎకరానికి పదిహేను వందల సీసాలు. ద్రాక్ష లెక్కలు నాకు రావు కాబట్టి తోటలు పెట్టిన ఒక మిత్రుణ్ణి అడిగాను. తోట అంత ఇస్తుంది, బయటి సరుకు పోయాల్సిన పని లేదన్నాడు.

సరే, ఒకటి పట్టుకురా అన్నాను. సుంకం లేకుండా రెండు లీటర్ల దాకా తేవచ్చు, రెండు సీసాలు తెస్తానన్నాడు. వద్దన్నాను. ఆ రెండో సీసా జాగాలో మీ అమ్మకు ఆలివ్ నూనె పెట్టుకో, మోకాళ్ళకు రాసుకుంటానని ఏడాది నుంచీ అడుగుతున్నది అని చెప్పాను.