నలభై రూపాయలకు మూడు దినార్లు

1961 ఏప్రిల్ 1న కువైట్‌లో దినార్ చలామణిలోకి వచ్చింది. అంతకుముందు అక్కడి బజారులో నడిచింది రూపాయే. మొదట మన రూపాయే నేరుగా చెల్లేది. 1959 నుంచి భారత ప్రభుత్వం గల్ఫ్ ప్రాంతం కోసం విడిగా అచ్చువేయించిన గల్ఫ్ రూపాయి చెల్లింది. ఆ రూపాయిలు వెనక్కి తీసుకుని దినార్లు ఇచ్చినప్పుడు కట్టిన మారకం రేటు ఇది: ఒక దినార్‌కు 13⅓ రూపాయలు.

చూడగానే చిరాకు పెట్టే అంకె. మూడో వంతు రూపాయికి నాణెం లేదు. నూరు పైసలను మూడుతో భాగిస్తే తెగదు. అలాంటప్పుడు అణా పైసా తేడా రాకుండా లెక్క తేల్చడం ఎలా? సమాధానం చిన్న తరగతుల లెక్కల పుస్తకంలోనే ఉంది. అదే గరిష్ఠ సామాన్య భాజకం, బడిపిల్లల మాటలో గ.సా.భా.

దినార్‌కు వెయ్యి ఫిల్స్. ఆ రేటు ప్రకారం రూపాయి విలువ 75 ఫిల్స్. 1000ని, 75ని శేషం లేకుండా భాగించే సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది 25. రెండింటినీ 25తో భాగిస్తే 40, 3 వస్తాయి. అంటే నలభై రూపాయలకు సరిగ్గా మూడు దినార్లు. చిల్లర దగ్గరా ఇదే దారి. 100 పైసలకు 75 ఫిల్స్, వీటి గ.సా.భా. కూడా 25. కాబట్టి నాలుగు పైసలకు మూడు ఫిల్స్. భిన్నం మాయమై పూర్ణసంఖ్యలు మిగిలాయి.

అసలు ఆ 13⅓ ఎక్కడి నుంచి వచ్చింది? కొత్త దినార్‌ను బ్రిటిష్ పౌండుకు సమానంగా నిలబెట్టారు. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు, రూపాయికి 18 పెన్నీలు. 240ని 18తో భాగిస్తే వచ్చేదే 13⅓. ఈ రెండు సంఖ్యల మీదే గ.సా.భా. కట్టే పద్ధతి చూద్దాం.

పెద్ద సంఖ్యను చిన్నదానితో భాగించాలి. 240లో 18 పదమూడుసార్లు పోగా 6 మిగులుతుంది. ఇప్పుడు భాజకమైన 18ని ఆ శేషంతో భాగించాలి. మూడుసార్లు పోయి ఏమీ మిగలదు. శేషం సున్నా అయినప్పుడు భాజకంగా ఉన్న సంఖ్య, అంటే 6, మనకు కావలసిన గ.సా.భా. తెలుగు పాఠ్యపుస్తకాలు నిరంతర భాగహార పద్ధతి అన్నది దీన్నే. భాగించడం, శేషాన్ని భాజకం చేసుకోవడం, మళ్లీ భాగించడం. ఇంతకుమించి గుర్తుపెట్టుకోవలసింది లేదు.

ఎందుకు పనిచేస్తుందో కూడా పిల్లలకు చెప్పాలి. 240 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు ఉన్న వసారాలో ఒకే కొలత చదరపు బండలు ముక్క కొట్టకుండా పరవాలని మేస్త్రీ అనుకున్నాడు. ముందు 18 అంగుళాల చదరాలు పదమూడు గీస్తాడు. చివర 6 అంగుళాల పట్టీ మిగులుతుంది. ఏ బండ మొత్తం వసారాకు సరిపోవాలన్నా ఈ పట్టీకీ సరిపోవాల్సిందే. పట్టీలో 6 అంగుళాల చదరాలు మూడు ఇమిడిపోతాయి. అదే బండ వసారా అంతటికీ సరిపోతుంది, అంతకన్నా పెద్దది సరిపోదు. రెండు సంఖ్యలను భాగించే ప్రతి సంఖ్యా వాటి శేషాన్నీ భాగిస్తుందన్న ఒక్క సత్యం మీద పద్ధతంతా నిలిచి ఉంది.

ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి, ఉమ్మడి వాటిని గుణించి గ.సా.భా. చెప్పవచ్చు కదా అని అడగవచ్చు. చిన్న సంఖ్యలకు అది చక్కటి మార్గమే. 2491, 2021 ఇచ్చి చూడండి. 2, 3, 5, 7 అంటూ మొదలుపెడితే 2021కి 43 దాకా, 2491కి 47 దాకా ఏ ప్రధాన సంఖ్యా లొంగదు. నిరంతర భాగహారంలో శేషాలు వరసగా 470, 141, 47 వచ్చి, నాలుగో భాగహారంతో సున్నా అవుతుంది. గ.సా.భా. 47. కారణాంకాలు ఒక్కటీ తెలియనక్కరలేకుండానే జవాబు చేతికొచ్చింది.

క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ ఏడో భాగం మొదట్లోనే ఈ పద్ధతిని రాసిపెట్టాడు. అక్కడ భాగహారానికి బదులు చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి పదేపదే తీసివేస్తూ పోవడం కనిపిస్తుంది. ఫలితం ఒకటే. ఆ గ్రంథాన్ని హారూన్ అల్ రషీద్ కాలంలో బాగ్దాద్‌లో అల్ హజ్జాజ్ అరబ్బీలోకి తెచ్చాడు. 12వ శతాబ్దంలో అరబ్బీ నుంచే అది లాటిన్‌లోకి వెళ్లింది. కువైట్‌కు ఉత్తరాన ఉన్న ఆ నేల ఐరోపాకు యూక్లిడ్‌ను తిరిగి ఇచ్చింది.

మన దేశంలో ఇదే ఆలోచన మరో మెట్టు ఎక్కింది. 499 నాటి ఆర్యభటీయంలో కుట్టకం ఉంది. ఒక సంఖ్యను రెండు వేర్వేరు భాజకాలతో భాగిస్తే ఏయే శేషాలు వస్తాయో చెప్పి, ఆ సంఖ్యను కనుక్కోమనే లెక్కలకు అది దారి. గ్రహగణితానికి అవి నిత్యావసరం. అందులోనూ పరస్పర భాగహారమే చేస్తారు, అయితే భాగఫలాలను పారేయరు. ఒకదాని కింద ఒకటి తీగలా పేర్చి, కింది నుంచి పైకి లెక్కిస్తూ వెనక్కి నడుస్తారు. పై ఉదాహరణలో అలా నడిస్తే 2491ని 13తో, 2021ని 16తో గుణించి తీసివేస్తే సరిగ్గా 47 వస్తుందని తేలుతుంది. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు పరస్పర భాగహారంలో చివరి శేషమే ఉమ్మడి భాజకమని స్పష్టంగా చెప్పాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో భిన్నాల కూడికకు కనిష్ఠ సామాన్య గుణిజాన్ని (క.సా.గు.) ‘నిరుద్ధం’ పేరుతో వివరించాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెనిగించాడు. మనకు దక్కిన తొలి తెలుగు గణిత గ్రంథం అదే. ఈ విద్య మనకు పరాయిది కాదు.

నిరంతర భాగహారం వేగానికి హద్దు ఎంతో 1844లో ఫ్రెంచి గణితజ్ఞుడు గాబ్రియేల్ లామే నిరూపించాడు. చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలుంటే, దానికి అయిదు రెట్లకు మించి భాగహారాలు అవసరం కావు. 144, 89 తీసుకుంటే సరిగ్గా పది భాగహారాలు పడతాయి, రెండంకెల సంఖ్యకు గరిష్ఠ పరిమితి అదే. వందల అంకెల సంఖ్యలైనా కంప్యూటర్ రెప్పపాటులో గ.సా.భా. తేల్చేస్తుంది. అదే సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టమంటే యంత్రాలు కూడా చతికిలబడతాయి. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపికి ఈ వ్యత్యాసమే పునాది. అందులో రహస్య తాళాన్ని తయారుచేసేది కుట్టకం లాంటి వెనుక నడకే.

ఇంత విలువైన పద్ధతి బడిలో పలచబడుతోంది. కువైట్‌లోని భారతీయ పాఠశాలల్లో ఎక్కువ భాగం సీబీఎస్ఈ చదువే చెబుతాయి. కడప, నెల్లూరు, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాల పిల్లలు చదివేదీ అదే. 2022లో పాఠ్యాంశాల భారం తగ్గించినప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి గణితం నుంచి ఈ పద్ధతికి ఆధారమైన యూక్లిడ్ భాగహార న్యాయాన్ని తీసేసింది. కారణాంకాల పద్ధతి మాత్రం మిగిలింది. భారం తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ రెండింట్లో ఒకటి వదలాలంటే వదలవలసింది ఇది కాదు. చిన్న సంఖ్యలకే పనికొచ్చే మార్గాన్ని ఉంచుకుని, ఎంత పెద్ద సంఖ్యకైనా పనికొచ్చే మార్గాన్ని వదిలేశాం.

పాఠ్యపుస్తకంలో లేకపోతేనేం, ఇంట్లో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తల్లిదండ్రులకు భాగహారం వస్తే చాలు. ఒక కాగితం తీసుకుని పిల్లల చేత 1000కి, 75కి గ.సా.భా. కట్టించండి. నలభై రూపాయలకు మూడు దినార్లు ఎందుకో వాళ్లనే చెప్పనివ్వండి. తర్వాత 2491, 2021 ఇవ్వండి. రెండు పద్ధతుల్లోనూ చేయించి, ఏది మేలో వాళ్లే తేల్చుకోనివ్వండి.