ఖల్లివెల్లి అయినవాళ్లకి ఆశ్రయం ఎవరిస్తారు?

బెన్యామిన్ మలయాళ నవల ‘ఆడుజీవితం’ (2008) సౌదీలో ఒక పోలీస్ స్టేషన్ బయట మొదలవుతుంది. నజీబ్, హమీద్ ఎలాగైనా అరెస్టవ్వాలని చూస్తుంటారు. పారిపోయినవాడికి ఇంటిదారి జైలు మీదుగానే మరి. 2024లో వచ్చిన బ్లెస్సీ సినిమా ఎక్కువగా ఇసుకలోనే, ఎండిన ఒంటి మీదే ఉండిపోయింది. బాగా తీశాడు, కాదనను. కానీ నన్ను పట్టేసింది ఆ జైలు పరేడ్. కఫీల్‌లు వచ్చి, వరసలో నిలబెట్టిన మనుషుల్లోంచి తమవాణ్ణి ఏరుకుని పట్టుకుపోతారు. నజీబ్‌ని మాత్రం అర్బాబ్ వదిలేస్తాడు. జాలితో కాదు, ఆ వీసా తనది కాదు గనక!

రాజోలు, అమలాపురం వైపు నుంచి కువైట్‌కో మస్కట్‌కో ఖద్దామా పనికి వెళ్లిన ఆడవాళ్లకి ఈ లెక్క కొత్తేం కాదు. దెబ్బలు భరించలేక గడప దాటితే ‘ఖల్లివెల్లి’, అంటే కాగితాల్లేని మనిషి. 1951 శరణార్థుల ఒప్పందం ఒప్పుకునే కారణాలు ఐదే: జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం. అదీ సొంత దేశంలో భయం ఉంటేనే. యజమాని భయం అందులో లేదు. పైగా సౌదీ, కువైట్, ఒమన్, మన ఇండియా ఎవరూ దానిలో చేరలేదు. ఆ భయం కూడా కారణమేనని నవల చెప్పకుండానే ఒప్పిస్తుంది. అయితే నజీబ్ మగవాడు, ఎడారిలోనైనా పరిగెత్తగలిగాడు. తాళం వేసిన వంటింట్లో ఉన్నామె ఎటు పోవాలి?