ఎంచుకునేది మనమా, బడా?

చదువుల సంస్కరణ గురించి మాట్లాడేవాళ్ల నోట తరచుగా వినిపించే మాట 'ఎంపిక'. పిల్లలు ఏ బడిలో చదవాలో తల్లిదండ్రులే ఎంచుకోవాలి, ప్రభుత్వం పెట్టే డబ్బు పిల్లల వెంటే ఆ బడికి పోవాలి అంటారు. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లోనే ఈ వాదన చేశాడు. బడుల మధ్య పోటీ పెడితే అన్నీ బాగుపడతాయన్నది దాని సారం. ఈ మాటను మన గూడేలకు తెచ్చి చూద్దాం.

పోటీకి కనీసం రెండు బడులు కావాలి. పదిహేను మంది పిల్లలున్న కొండమీది గూడెంలో ఒక్క బడి నడవడమే గగనం. అక్కడ ఫీజులకోసం రెండో బడి ఎవరూ పెట్టరు. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వమంది. ప్రైవేటు బడే లేనిచోట ఆ 25 శాతం దేంట్లో?

మనకు చూపించే దారులు వేరే ఉన్నాయి. బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకంలో లాటరీ తీస్తారు. ఏకలవ్య పాఠశాలలో ఆరో తరగతికి ప్రవేశపరీక్ష పెడతారు. ఒకచోట చీటీ ఎంచుకుంటుంది, ఇంకోచోట బడి ఎంచుకుంటుంది. సీటు దొరికినా భరోసా లేదు. 2025లో తెలంగాణలో బెస్ట్ అవైలబుల్ బడులకు ప్రభుత్వం బకాయిపడితే తల్లిదండ్రులు రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఈ బడులు వద్దని ఎవరూ అనరు. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ గురుకుల విద్యార్థినే. పిల్లను గురుకులానికి పంపిన తల్లిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ ఆరో తరగతి సీటు ఎవరికి దక్కుతుందో ఒకటి నుంచి ఐదు దాకా గూడెం బడిలో జరిగిన చదువే తేలుస్తుంది. సంస్కరణలు ఆ ఐదేళ్లను వదిలేసి ఆరో తరగతి గేటు దగ్గర మొదలవుతున్నాయి.

ఆ ఐదేళ్లలో అన్నిటికన్నా ముఖ్యం సారుకు పిల్లల భాష రావడం. కోయలో 'ఏరు' అంటే నీళ్లు. దాహమేసి 'ఏరు' అన్న పిల్లవాడి మాట తెలుగు మాత్రమే తెలిసిన సారుకు వాగులా వినిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన మాతృభాషా బోధన ఈ దూరం తగ్గించేందుకే వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3 కూడా ఇందుకు తోడ్పడింది. నూరుశాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఏకలవ్యకు 2023లో కేంద్రమే నియామకాలు చేపట్టి, హిందీ రావాలని షరతు పెట్టింది. పిల్లల భాష రావాలన్న షరతు మాత్రం పెట్టలేదు.

ఇంకో నష్టం కంటికి కనిపించకుండా జరుగుతుంది. నలుగురు పిల్లలు హాస్టల్‌కు వెళ్తే గూడెం బడిలో సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గిందని సారును వేరేచోటికి పంపుతారు. సారు లేడని ఇంకో ఇద్దరు వెళ్తారు. చివరికి పిల్లల్లేరని బడినే కలిపేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించేందుకు 2022లో తెచ్చిన జీవో 117ను వ్యతిరేకత వల్ల 2025లో పక్కనపెట్టారు. కాగితంమీద కిలోమీటరే కావచ్చు. మధ్యలో వాగు పొంగితే ఆరేళ్ల పిల్లకు అది దాటరాని దూరం. వెళ్లినవాళ్ల ఎంపికకు మూల్యం చెల్లించేది మిగిలిపోయినవాళ్లు.

కొఠారి కమిషన్ 1966లోనే అందరికీ ఒకే రకమైన పొరుగుబడి ఉండాలని చెప్పింది. మనం అడగాల్సింది అదే. పిల్లల సంఖ్య ఎంతున్నా గూడెంలో ఐదో తరగతి దాకా బడి, ఇద్దరు టీచర్లు, వాళ్లలో ఒకరికైనా పిల్లల భాష. ఇవి ఉంటే గురుకులానికి పంపడం నిజంగా ఎంపిక అవుతుంది, లేకుంటే అది గత్యంతరం లేక వెళ్లడమే.

డీఎడ్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కొత్త పథకం ఏది వచ్చినా ముందు ఒక ప్రశ్న అడగండి: సీటు రాని పిల్లకు ఇది ఏం ఇస్తుంది? గ్రామసభలో ఆ ప్రశ్న అడిగి, జవాబును తీర్మానంలో రాయించండి.