మాట్లాడుతున్నాడు కదా అని...

"దడగా ఉంది డాక్టరుగారూ, గ్యాసేమో" అంటూ నడిచొస్తారు కొందరు. మానిటర్ తగిలిస్తే గుండె వేగం 180 చూపిస్తుంది. మనిషేమో మంచం మీద కూర్చుని, బండి ఎక్కడ పెట్టావురా అని కొడుకును అడుగుతుంటాడు. మా జూనియర్ల కంగారు అక్కడితో సగం తగ్గిపోతుంది. తగ్గకూడదంటాను నేను.

జ్వరమొచ్చినా, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినా గుండె వేగం పెరుగుతుంది. అప్పుడు ఆ కారణానికే వైద్యం చెయ్యాలి. గుండెలోని కరెంటే దారి తప్పి తిరుగుతుంటే మాత్రం ఈసీజీలో క్యూఆర్ఎస్ (గుండె కింది గదుల కరెంటును చూపే గీత) వెడల్పు కొలుస్తాం. మూడు చిన్న గడుల లోపు ఉండి, లయ గడియారంలా క్రమంగా ఉంటే కొంత నయం. 10 మి.లీ. సిరంజిలోకి 15 సెకన్లు గట్టిగా ఊదించి, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తుతాం. 2015లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో దీనితో 43 శాతం మందికి లయ కుదుటపడింది; ఉత్తినే ఊదినవాళ్లలో 17 శాతమే. లొంగకపోతే 6 మి.గ్రా. అడినోసిన్ మోచేతి నరంలోకి ఒక్క ఊపున ఎక్కించి, వెనకే 20 మి.లీ. సెలైన్ తోస్తాం. ప్రాణం పోతున్నట్టు అనిపించి క్షణాల్లో తగ్గుతుందని రోగికి ముందే చెప్పాలి.

క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉంటే మాత్రం, కాదని తేలేదాకా అది గుండె కింది గదుల్లో పుట్టిన దడే (వీటీ). గతంలో గుండెపోటు వచ్చినవాళ్లయితే మరీనూ. పాత మచ్చ చుట్టూ కరెంటు గిరగిరా తిరుగుతుంటుంది. బీపీ బాగుంది, మాట్లాడుతున్నాడు కాబట్టి వీటీ అయ్యుండదనుకోవడం ప్రమాదం. వీటీతో గంటల తరబడి మాట్లాడేవాళ్లుంటారు. ఆ ధీమాతో పై గదుల దడకిచ్చే వెరాపమిల్ ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి, అప్పటిదాకా కబుర్లు చెప్పిన మనిషి కళ్లు తేలేస్తాడు. అదే పై గదుల దడను వీటీ అనుకుని, మత్తిచ్చి షాక్ ఇచ్చామే అనుకోండి, చాలామందిలో లయ దారిలో పడుతుంది. రెండు పొరపాట్ల ఖరీదూ ఒకటి కాదు. సందేహమొచ్చినప్పుడు ఏ వైపు మొగ్గాలో ఆ తేడాయే చెబుతుంది.

బీపీ పడిపోయినా, స్పృహ తప్పుతున్నా మందులతో కాలయాపన చెయ్యం, షాకే. నాడి అందుతున్నంతవరకు, షాక్ క్యూఆర్ఎస్ మీదే పడేలా 'సింక్' మీట నొక్కాకే ఇస్తాం. 1962లో బెర్నార్డ్ లౌన్ బృందం ప్రచురించిన పద్ధతి ఇదే: షాక్ టీ తరంగం మీద పడితే గుండె గిలగిలా కొట్టుకుని ఆగిపోవచ్చు.

పాఠకులకు ఒక్క మాట. పాత ఈసీజీ ఉంటే దాచుకోండి. మామూలు రోజుల్లోనూ క్యూఆర్ఎస్ అంతే వెడల్పని అందులో కనబడితే మా ఆలోచన మారొచ్చు. దడతో పాటు కళ్లు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా ఆ కాగితం కోసం బీరువా వెతుకుతూ కూర్చోకండి, ముందు 108కి ఫోన్ చెయ్యండి.